మీ సొసైటీకి ఏ చెరువు?

తొలి ఏకాదశికి మా ఇంట్లో చేసిన పేలపిండి డబ్బా అడుగున ఇంకా రెండు చెంచాలు మిగిలే ఉంది. దాన్ని కారులో పెట్టుకొని బయలుదేరిన ఐదు రోజుల ప్రయాణం మొన్న రాత్రి ముగిసింది. బట్టల్లోంచి చేపల వాసన పోకముందే ఇదంతా రాసిపెట్టాలనిపించింది.

ప్రయాణానికి కారణం మా మేనకోడలు. మత్స్యశాస్త్రంలో పరిశోధన చేస్తున్న ఆ అమ్మాయికి, 2025 ఫిబ్రవరిలో ఢిల్లీలో జరిగిన 14వ ఆసియా మత్స్య, ఆక్వాకల్చర్ ఫోరంలో ఫిలిప్పీన్స్ నుంచి వచ్చిన ఒక అధ్యాపకురాలు పరిచయమయ్యారు. టీ విరామంలో కాకతీయుల చెరువుల ప్రస్తావన రాగా, "ఎనిమిది వందల ఏళ్ల చెరువులో ఇప్పటికీ చేపలు పడుతున్నారా?" అని ఆవిడ ఆశ్చర్యపోయి, జూలైలో వస్తానని మాటిచ్చి, నిజంగానే వచ్చి దిగారు. మూడు దశాబ్దాలు జంతుశాస్త్రం పాఠాలు చెప్పి రిటైరైన నాకు దారి చూపే పని, మేనకోడలికి దుబాసీ పని పడ్డాయి. ఇందులో నా స్వార్థమూ కొంత ఉంది. 2007లో ఇదే ఫోరం ఎనిమిదో సమావేశం కొచ్చిలో జరిగినప్పుడు నా చిన్న వ్యాసం ఒకటి అక్కడ చదవడానికి ఎంపికైంది. కానీ పరీక్షల డ్యూటీ ఉందని మా కాలేజీ వారు సెలవు ఇవ్వలేదు. రైలు టికెట్టు రద్దు చేసుకొని వచ్చిన ఆ సాయంత్రం నాకింకా గుర్తుంది. నేను వెళ్లలేని సమావేశం పద్దెనిమిదేళ్లకు మా ఇంటికే వచ్చిందని మా ఆవిడ ఎగతాళి చేసింది.

జూలై 7, పాకాల

హనుమకొండ నుంచి నర్సంపేట మీదుగా పాకాల సుమారు 50 కిలోమీటర్లు. నర్సంపేటలో ఆగి సర్వపిండి కట్టించుకున్నాం. దాన్ని గిన్నెకు ఎందుకు అద్దుతారో, మధ్యలో వేలితో చిల్లులు ఎందుకు పెడతారో అతిథికి వివరించేసరికి పావుగంట గడిచింది. వానలు ఇంకా ఊపందుకోలేదు కాబట్టి చెరువు మత్తడికి, అంటే నిండినప్పుడు నీళ్లు పొర్లే చోటుకు, చాలా దిగువన ఉంది. గణపతిదేవుని కాలంలో, 1213లో జగదాల ముమ్మడి రెండు గుట్టల నడుమ కట్ట వేయించి ఈ చెరువును నిలిపాడు. మున్నేటికి పుట్టుక ఇక్కడే. కట్ట మీద నిలబడి అతిథి చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. చివరికి, "దీని పూడిక ఎవరు తీస్తారు?" అని అడిగారు. చెరువును చూసి అందం గురించి కాక పూడిక గురించి అడిగిన మనిషి మీద నాకు అప్పుడే గౌరవం కలిగింది.

కట్ట కింద చింతచెట్టు నీడలో ఒక పెద్దాయన వల చిరుగులు అల్లుకుంటున్నాడు. మత్స్య సహకార సంఘంలో పాత సభ్యుడు. ఆ సంఘాన్ని ఊళ్లో అందరూ సొసైటీ అనే అంటారు.

"ఏడికెల్లి వచ్చిన్రు సారూ?"

మేనకోడలు కాస్త ఉత్సాహంగా చెప్పింది: ఈ మేడం ఫిలిప్పీన్స్ నుంచి వచ్చారు, చేపల మీద పరిశోధన చేసేవాళ్ల సొసైటీలో సభ్యురాలు, అందులో ఎన్నో దేశాల వాళ్లు ఉన్నారు అని.

పెద్దాయన వల పక్కన పెట్టాడు. "మాది గూడ సొసైటీయేనమ్మా. మరి మీ సొసైటీకి ఏ చెరువు?"

ఆ మాట ఇంగ్లిష్‌లోకి మారగానే అతిథి పకపకా నవ్వారు, నవ్వి ఆగిపోయారు. తమకు చెరువు లేదనీ, పుస్తకాలూ సమావేశాలూ మాత్రమే ఉన్నాయనీ చెప్పించారు. "చెరువు లేకుంట సొసైటీ ఎట్లయితది? పంచుకునేదేంది మరి?" అన్నాడాయన. షేరు ఎంత, ఎలక్షన్లు ఎప్పుడు, అధ్యక్షుడు ఏ దేశపాయన అని వరసగా అడిగాడు. అన్నీ న్యాయమైన ప్రశ్నలే.

మేనకోడలు ఓపికగా చెప్పుకొచ్చింది. వీళ్లది ఆసియా మత్స్య సంఘం, 1984లో ఫిలిప్పీన్స్‌లోనే మొదలైంది. 1986లో మనీలాలో తొలి ఫోరం జరిపింది. దాని భారత శాఖకు మంగళూరు కేంద్రం. అమెరికా వాళ్ల మత్స్య సంఘం ఇంకా పాతది, 1870 నాటిది. ఇలాంటి జాతీయ సంఘాలు కలిసి ఒక ప్రపంచ మండలిగా ఏర్పడి, సుమారు నాలుగేళ్లకొకసారి ప్రపంచ మత్స్య మహాసభ జరుపుకొంటాయి. మొదటిది 1992లో ఏథెన్స్‌లో, తొమ్మిదోది 2024లో సియాటిల్‌లో జరిగింది. పెద్దాయన అంతా విని, "అంటే జాతర లెక్క. మేడారం రెండేండ్లకు, మీది నాలుగేండ్లకు" అని తేల్చేశాడు. ఇంతకన్నా మంచి వివరణ నేను తరగతి గదిలో ఎన్నడూ ఇవ్వలేదు.

ఇంతలో ఒక కుర్రాడు బకెట్టు తెచ్చాడు. అందులో నల్లటి వీపు, పాము తల, పక్కల మీద వంకర చారలతో జానెడు కొర్రమట్ట. అతిథి వంగి చూసి "దలాగ్!" అన్నారు. వాళ్ల భాషలో దాని పేరు అదేనట. 1793లో బెర్లిన్‌లో బ్లాక్ అనే పండితుడు చారలను చూసి దీనికి శాస్త్రీయ నామం పెట్టాడు. మన రాష్ట్ర ప్రభుత్వం దాన్నే రాష్ట్ర చేపగా ప్రకటించింది. పెద్దాయనకు మాత్రం ఈ పేర్లన్నిటి కంటే అది తల్లిలా పిల్లలను కాపలా కాస్తుందన్నదే ముఖ్యం. "పిల్లలు ఎర్రగ గుంపు గట్టి తిరుగుతాంటే దాన్ని పట్టొద్దు, పాపం" అన్నాడు.

అతిథి అప్పుడు తన ఫోనులో ఫిష్‌బేస్ తెరిచి చూపించారు. డేనియల్ పాలీ, రైనర్ ఫ్రోజె మనీలాలో మొదలుపెట్టిన ఈ భాండారంలో నేడు 35,000కు పైగా జాతుల చేపలు, మూడు లక్షలకు పైగా వాడుక పేర్లు ఉన్నాయి. తెలుగు పేర్లూ ఉన్నాయి. అయితే వాటిలో ఎక్కువ భాగం కోస్తా పేర్లేనని మేనకోడలి ఫిర్యాదు. "మా పేర్లు జెప్తే అందుల వెడ్తరా?" అని పెద్దాయన అడిగాడు. చెప్పడం మొదలుపెట్టి, బొచ్చె, రవ్వు, వాలుగ, జెల్ల అంటూ ఇరవై దాకా చెప్పుకుపోయాడు. చిన్నవాటి దగ్గరికి వచ్చేసరికి "అవన్ని పరకలు" అని చెయ్యి ఊపేశాడు. ఆ ఒక్క మాట నన్ను ఎంత తిప్పబోతోందో అప్పటికి తెలియదు.

సొసైటీ కార్యదర్శి దగ్గర ఒక పొడుగు రిజిస్టరు ఉంది. ఏ ఏడు మత్తడి ఏ తేదీన దుంకింది, వేసవిలో ఎన్ని కిలోల చేప పడింది అన్నది అందులో మూడు రకాల చేతిరాతల్లో ఉంది. అతిథి కళ్లు మెరిశాయి గానీ ఫోను బయటికి తీయలేదు, ఫొటో తీసుకోవచ్చా అని ముందు అడిగారు. కార్యదర్శి తల గీరుకొని, "నేనొక్కన్ని జెప్తే గాదు. కాయితం పెట్టున్రి, మీటింగుల వెడ్త" అన్నాడు. ఆవిడ అక్కడే చెట్టు కింద కూర్చొని దరఖాస్తు రాశారు. మేనకోడలు దాన్ని తెలుగులో తిరగరాసింది. ఇద్దరూ సంతకాలు చేశారు. వివరాలు ఎక్కడ అచ్చయినా సంఘం పేరు వేయాలన్న షరతు కార్యదర్శి తన చేత్తో చేర్చాడు. వీసా కాగితాల కంటే ఇది తొందరగా అయిందని అతిథి అన్నారు.

జూలై 8, పస్రా, లక్నవరం

రామప్ప గుడిని గంటలో చూసి బయటపడ్డాం. ఆ గుడి గురించి రాసినవాళ్లు చాలామంది ఉన్నారు. లక్నవరానికి చల్వాయి దగ్గర కుడివైపు తిరగాలి. ఆ సమయానికి నేను సాల్మన్ చేపల గురించి ఏదో ఉపన్యాసం ఇస్తూండటంతో మలుపు దాటిపోయి, తీరా చూస్తే పస్రాలో ఉన్నాం. ఎదురుగా మేడారం బోర్డు కనిపించింది. "మీ పెద్దాయన చెప్పిన జాతరకే తీసుకొచ్చారా?" అని అతిథి నవ్వారు. ఒంటి గంట దాటింది, ఆకలి మండుతోంది.

రోడ్డు పక్కన రేకుల షెడ్డులో ఒక మెస్సు. నడిపే అక్క "కొర్రమట్ట పులుసున్నది, పొద్దుగాల్నే తెచ్చిన, కిలో 500 వడ్డది" అని ముందే ధర చెప్పింది. స్టీలు పళ్లాలు, వేడి అన్నం, మెంతి వాసన వేసే ఎర్రటి పులుసు. అతిథి చెంచా అడగలేదు. ఇంటి దగ్గర వాళ్లూ చేత్తోనే తింటారట, దాన్ని కమాయన్ అంటారట. పులుసు నాలుక మీద పడగానే కళ్లు మూసుకొని "సంపాలొక్" అన్నారు, అంటే చింతపండు. వాళ్ల సినిగాంగ్ అనే చేపల చారుకూ పులుపు చింతకాయలదేనట, కారం మాత్రం ఇందులో పదో వంతు కూడా ఉండదట. అక్క ఆమెకు మర్యాదగా తలకాయ ముక్క వేసింది. మేమిద్దరం ఇబ్బందిగా చూస్తుండగానే ఆవిడ దవడలు విడదీసి, కళ్లతో సహా తిని, ముళ్లు పళ్లెం అంచున వరసగా పేర్చారు. అక్క ముఖం వెలిగిపోయింది. ఇంకో గరిటె పులుసు పోసి దానికి డబ్బులు తీసుకోలేదు. డ్రైవరుతో కలిపి నలుగురికి 920 రూపాయలు అయింది.

ఆ పులుసు మీదే పుండ్ల రోగం మాట వచ్చింది. "నా పెండ్లయిన కొత్తల కొర్రమట్టల మీద ఎర్రటి పుండ్లు లేసి, ఒక్కలు గూడ చాపలు కొనలే" అంది అక్క. నాకూ గుర్తుంది, 1990 ప్రాంతం అది. కాలేజీకి పిల్లలు సీసాల్లో కుళ్లిన చేపలు తెచ్చేవారు, నా దగ్గర జవాబు ఉండేది కాదు. అతిథి చేయి ఆపి, తమ లగూనా సరస్సులో అదే రోగం 1985లో వచ్చిందనీ, వాళ్ల నాన్న చేపలు అమ్మలేక ఒక ఏడాది సైకిలు రిపేరు చేశాడనీ చెప్పారు. జపాన్‌లో 1971లో ఒక పేరుతో, ఆస్ట్రేలియాలో 1972లో ఇంకో పేరుతో కనబడిన జబ్బు, ఆగ్నేయాసియా అంతా పాకి, బంగ్లాదేశ్ మీదుగా 1988లో మన దేశంలోకి వచ్చింది. ఎవరి దేశంలో వారు వేరువేరు రోగాలనుకొని వెతికినంత కాలం చిక్కు వీడలేదు. ఆసియా మత్స్య సంఘంలో 1989లో చేపల ఆరోగ్యానికి ప్రత్యేక విభాగం పెట్టి, 1990లో బాలిలో తొలి సదస్సు జరిపారు. బ్యాంకాక్ ప్రయోగశాలలో థాయ్, బ్రిటిష్ శాస్త్రవేత్తలు కలిసి పనిచేశారు. నమూనాలు చేతులు మారాయి. అన్నిటి వెనుకా ఉన్నది ఒకే బూజు జాతి జీవి అని ఆ దశాబ్దంలో తేలింది. పస్రా అక్క ఇదంతా విని, "గంత మంది గల్సి సూస్తె గాని తెల్వలేదా!" అంది. నేనైతే అంత మంది కలవడమే గొప్ప అనుకుంటాను.

లక్నవరంలో వేలాడే వంతెన దగ్గర సెల్ఫీల రద్దీ ఎక్కువగా ఉంది. వల వేసిన వాళ్ల బుట్టలో సగం జిలేబీలే. ఆఫ్రికా నుంచి బయలుదేరి 1952లో మన దేశంలో అడుగుపెట్టిన తిలాపియా ఇది. పిల్లలను నోట్లో దాచుకొని పెంచుతుంది, ఎక్కడ వేసినా నిండిపోతుంది. ఇదే కుటుంబానికి చెందిన నైలు తిలాపియాను మేలు చేయడానికి ఫిలిప్పీన్స్‌లో 1988లో ఒక పథకం మొదలైంది. ఈజిప్టు, ఘనా, కెన్యా, సెనెగల్ నుంచి అడవి చేపలను తెచ్చారు. నార్వే వాళ్లు సాల్మన్‌ను తరతరాలుగా ఎంచి పెంచిన పద్ధతిని నేర్పారు. అతిథి గర్వంగానే చెప్పారు గానీ, బుట్టవాడు "ఇవి అచ్చినంక మా పరకలు తగ్గినయ్" అనేసరికి ఆ గర్వం కాస్త తగ్గింది. సహకారంతో వచ్చినవన్నీ చుట్టాలు కావు.

జూలై 9, కాళేశ్వరం

ప్రాణహిత ఎర్రనీళ్లతో వచ్చి గోదావరిలో కలుస్తోంది. మే నెలలో జరిగిన సరస్వతి పుష్కరాల తాలూకు కర్రలు, రేకులు ఇంకా కొన్నిచోట్ల పడి ఉన్నాయి. ఒకే పానవట్టం మీద రెండు లింగాలున్న గుడిలో దర్శనం చేసుకొని, పప్పన్నం తిని, ఒడ్డున కూర్చున్నాం. అవతల కనబడేది మహారాష్ట్రలోని సిరొంచ. చేపకు సరిహద్దు తెలియదని మేనకోడలు అనబోతే, ఆ మాట ప్రతి సమావేశంలోనూ ప్రారంభోపన్యాసంలో వస్తుందని అతిథి మెల్లగా ఆపారు. ఒడ్డున ఉన్న పడవవాడు మాత్రం తెలుగూ మరాఠీ కలిపి మాట్లాడుతూ, అవతలి ఒడ్డు బేరగాళ్లతో వల ఖరీదు ఫోనులో తేల్చుకుంటున్నాడు.

జూలై 9 రాత్రి, 10 తెల్లవారుజామున, కరీంనగర్ దగ్గర

ఈ ప్రయాణంలో నేను మళ్లీ మళ్లీ తలచుకునేది ఈ రాత్రినే. దిగువ మానేరు దాటాక ఒక చేప పిల్లల కేంద్రానికి వెళ్లాం. రాత్రి ఎనిమిదయింది, సన్నటి తుంపర పడుతోంది. సిమెంటు తొట్టిలోంచి ఇద్దరు మనుషులు ఒక తల్లి రవ్వును ఎత్తి, తడిగుడ్డ కళ్ల మీద కప్పి, రబ్బరు షీటు మీద పడుకోబెట్టారు. ఇరవై ఏళ్ల కుర్రాడు సిరంజిలోకి మందు లాగి, గాలి బుడగ వదిలి, వీపు రెక్క కింద ఒక పొలుసును గోటితో ఎత్తి, దాని సందులోంచి సూదిని ఏటవాలుగా కండలోకి దించాడు. సూది తీశాక బొటనవేలితో కాసేపు రుద్దాడు. చేప ఒక్కసారి తోక కొట్టింది, అంతే. ఆడచేపకు కిలోకు అర మిల్లీలీటరు, మగదానికి అందులో సగం.

"ఈ మందుల ఏమున్నదో ఎరికేనా బాబూ?" అని అడిగాను. "హార్మోను సార్" అన్నాడు. అంతవరకు సరే, మిగిలింది నేను చెప్పాను. అర్జెంటీనాలో హుస్సే 1930లో మెదడు కింద ఉండే పీయూష గ్రంథి సారాన్ని చేపకు ఎక్కించి చూశాడు. బ్రెజిల్‌లో ఫాన్ ఇహెరింగ్ దాన్ని చెరువు పనికి మలిచాడు. ఒడిశాలోని అంగుల్‌లో 1957 జూలై 10న హీరాలాల్ చౌధురి రవ్వు లాంటి మన కార్ప్ చేపలను ఆ పద్ధతిలో గుడ్లు పెట్టించాడు. అప్పట్లో చేపల బజారులో తలలు కొని, పుర్రె చీల్చి, గోధుమ గింజంత గ్రంథిని తీసి ఆల్కహాలు సీసాలో దాచేవారు. నేనూ తీశాను, పది తలలకు రెండు పాడయ్యేవి. తర్వాత గ్వాంగ్‌ఝౌ నుంచి లిన్ హావోరాన్, కెనడాలోని అల్బర్టా నుంచి రిచర్డ్ పీటర్ కలిసి పనిచేసి అసలు చిక్కు విప్పారు. చేప మెదడు గుడ్డు పెట్టమని ఒక కబురు పంపుతూనే, డోపమిన్‌తో కళ్లెం కూడా బిగిస్తుంది. కబురు లాంటి మందుతో పాటు ఆ కళ్లెం వదిలించే డోంపెరిడోన్ కలిపితే ఒక్క సూదితో పని అయిపోతుంది. వాంతులకు మనం వేసుకునే డోంపెరిడోనే అది. ఇద్దరి పేర్లూ అతికించి దాన్ని లిన్‌పె పద్ధతి అన్నారు. కుర్రాడు సీసాను దీపం కిందికి పట్టి చూసి, "చైనా ఆయన, కెనడా ఆయన దోస్తులా సార్?" అని అడిగాడు. అతిథి అందుకొని, "అవును, ఒకరి ల్యాబుకు ఒకరు వెళ్లి పనిచేశారు. ఉత్తరాలతో అయ్యే పని కాదు ఇది" అన్నారు.

నాలుగున్నరకు మళ్లీ వెళ్లేసరికి చేపలు ఈని, గుండ్రటి తొట్టిలో నీళ్లు తిరుగుతూ ఉంటే గుడ్లు సగ్గుబియ్యంలా తేలుతున్నాయి. ఆ గుండ్రటి తొట్టి కూడా చైనా వాళ్ల పద్ధతే. నీటి తిరుగుడుకు గుడ్లు అడుగున పడకుండా వాటంతట అవే పక్క తొట్టిలోకి జారిపోతాయి. అరచేతిలో పోసుకొని టార్చి వేసి చూస్తే, ఒక్కొక్క గుడ్డు నీళ్లు పీల్చి ఉబ్బి, మధ్యన చుక్కతో అద్దంలా ఉంది. పక్క తొట్లలో గడ్డిచేపలు కనిపించాయి. 1959లో హాంకాంగ్ నుంచి వచ్చిన వాటి సంతతి అన్నమాట. జపాన్ నుంచి వెండి చేపలు వచ్చిందీ ఆ ఏడాదే. యజమాని దగ్గర జయంతి రవ్వు తల్లులు కూడా ఉన్నాయి. భువనేశ్వర్‌లో నార్వే శాస్త్రవేత్తలతో కలిసి 1992లో మొదలుపెట్టి ఎంచి పెంచిన ఈ రకాన్ని, స్వాతంత్ర్య స్వర్ణోత్సవాల సంవత్సరం కాబట్టి 1997లో ఆ పేరుతో విడుదల చేశారు. సాల్మన్ నుంచి తిలాపియాకు, తిలాపియా నుంచి రవ్వుకు ఆ విద్య నడిచి వచ్చిన దారి అతిథికి పస్రా మలుపు కంటే బాగా తెలుసు.

ఆ రోజు జూలై 10, చౌధురి పేరున జాతీయ మత్స్య రైతుల దినోత్సవం. కేంద్రంలో ఎవరూ పండగేమీ చేయలేదు, గుడ్లు చూసుకునే తొందరలో ఉన్నారు. మేనకోడలు మిగిలిన పేలపిండి పంచింది.

జూలై 11, పోచంపాడు

జగిత్యాల, మెట్‌పల్లి, ఆర్మూరు మీదుగా శ్రీరాంసాగర్ చేరేసరికి మధ్యాహ్నం. 1963 జూలై 26న నెహ్రూ శంకుస్థాపన చేసిన ఈ ఆనకట్ట దిగువన చేపలు వేయించే దుకాణాలు వరసగా ఉంటాయి. కారం పట్టించిన బొచ్చె ముక్కలు, కోసిన ఉల్లిగడ్డ, నిమ్మచెక్క కలిపి ప్లేటు 150 రూపాయలు. పొయ్యి దగ్గరి మనిషి నూనె తళతళలాడేదాకా ముక్క వేయడు, తొందరపెడితే పలకడు.

2020లో 110కి పైగా జలశాస్త్ర సంఘాలు కలిసి వాతావరణ మార్పు మీద ఒక ప్రకటనపై సంతకాలు చేశాయని అతిథి గుర్తుచేశారు. అందులో తమ సంఘం ఉన్నందుకు సంతోషమేనట, కానీ పాకాల రిజిస్టరులో ఉన్నట్టు మత్తడి దుంకిన తేదీలు ముప్పై ఏళ్లవి చేతిలో ఉంటే ఆ ప్రకటనలో ఒక పంక్తి ఇంకా గట్టిగా రాసుకోవచ్చునట. అయితే అలాంటి రిజిస్టరు రాసే కార్యదర్శిని ఏ సమావేశానికైనా పిలిచారా అని నేను అడిగాను. రిజిస్ట్రేషన్ రుసుము, వీసా, ఇంగ్లిష్ ఈ మూడూ దాటేసరికి తమలాంటి అధ్యాపకులే అలసిపోతారని ఆవిడ ఒప్పుకున్నారు. కొచ్చి టికెట్టు నాకు మళ్లీ గుర్తొచ్చింది గానీ పైకి అనలేదు. ఐదు రోజులకు కారు కిరాయి, డీజిల్ కలిపి 16,500 అయింది. అందులో సగం ఆవిడ బలవంతంగా ఇచ్చారు.

హనుమకొండ

నిన్న పాకాల కార్యదర్శి ఫోను చేశాడు. మీటింగులో కాగితం పెట్టారట, రిజిస్టరు ఫొటోలకు ఒప్పుకున్నారట. ఇద్దరు సభ్యులు మాత్రం, ఆ సొసైటీ వాళ్లు వాళ్ల పుస్తకం ఒకటి మనకు పంపాలి కదా అన్నారట. ఆ సంగతి అతిథికి రాశాం. జవాబుతో పాటే ఒక ప్రశ్న వచ్చింది: పరక అంటే ఏ చేప? ఆ ఒక్క పేరు కిందికి కనీసం నాలుగు జాతులు వస్తున్నాయి, దేని పక్కన రాయాలి?

పెద్దాయనకు ఫోను చేశాను. నవ్వాడు. "ఏ పరక సారూ? బుడ్డ పరకనా, ఎర్ర పరకనా, తెల్ల పరకనా? పోన్ల జెప్తే ఏమెరికైతది. ఇప్పుడు నీళ్లెక్కుతున్నయ్, ఎండకాలం చెరువు దిగినంక రాండ్రి, ఒక్కొక్కటి చేతిల వెడ్త. ఆ మేడంను గూడ తోలుకరాండ్రి."